మూడు రాత్రుల హింస, పన్నెండేళ్ల హింస: ఒక మందు కల్లు కేసు

నేను ఒక జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మందులు రాసేది డాక్టరు, ఇల్లూ వాకిలీ అప్పులూ గొడవలూ అడిగి తెలుసుకునేది నేను. హింసకూ మానసిక జబ్బుకూ సంబంధమేమిటని ఎవరు అడిగినా నేను ఈ ఇంటి సంగతే చెబుతుంటాను, అందుకే ఒకసారి మొత్తం రాసి పెడుతున్నా. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు పెట్టడం లేదు, వయసులూ గుర్తుపట్టే వివరాలూ మార్చాను. నిజామాబాద్ వైపు ఒక పల్లె అని మాత్రం గుర్తుంచుకోండి, ఎందుకంటే కల్లు, బీడీలు, గల్ఫ్ ఈ మూడూ తీసేస్తే ఈ కేసే అర్థం కాదు.

క్యాజువాలిటీలో

నలభై దాటిన మనిషి. ట్రాక్టర్ డ్రైవరు. అంతకుముందు దుబాయ్‌లో కూలి పని చేసి, మిగిలిందేమీ లేక అప్పుతో తిరిగొచ్చాడు. చేతులు నైలాన్ తాడుతో కట్టేసి ఆటోలో తెచ్చారు. తమ్ముడి ముంజేతి మీద పంటి గాట్లు, భార్య నుదుటికి చీరకొంగు చింపి కట్టిన కట్టు. మూడు రాత్రులుగా నిద్ర లేదట. గోడ మీద లేని చీమల్ని దులుపుతున్నాడు, ఎవరో తనను చంపడానికి వచ్చారని పార పట్టుకుని వాకిట్లో అడ్డమొచ్చిన ప్రతివాళ్ల మీదికీ పోయాడు. తమ్ముణ్ని కొట్టాడు, ఆపబోయిన పక్కింటి ముసలాయన్ని కొట్టాడు, కరెంటు స్తంభాన్ని కూడా వదల్లేదు. ఆ పొద్దున ఫిట్స్ వచ్చేసరికి అందరూ భయపడి ఆటో పిలిచారు. మా దగ్గరికి వచ్చేటప్పటికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, గుండె దడ. ఎక్కడున్నాడో తెలియదు, మా వార్డు బాయ్‌ని చూసి క్యాంపు ఫోర్‌మన్ అనుకుని హిందీలో బతిమాలుతున్నాడు.

తాగుతాడా అని అడిగితే తమ్ముడు వెంటనే "లేదు మేడం, మావోడు మందు ముట్టడు" అన్నాడు. మా వైపు ఇది దాదాపు ప్రతి ఇంట్లో వచ్చే జవాబే కాబట్టి అక్కడితో ఆగకూడదు. కల్లు సంగతేంటి అంటే, "కల్లు తాగుతడు, అదెవలు తాగరు?" అన్నాడు. ఎన్ని సీసాలు? పొద్దున రెండు, సాయంత్రం నాలుగైదు, పదేళ్ల పైనుంచి. మరి ఇప్పుడు? ఎక్సైజ్ వాళ్లు దాడి చేసి నాలుగైదు రోజుల కిందట దుకాణం మూయించారు. రోగ నిర్ధారణలో సగం ఆ ఒక్క మాటతో అయిపోయింది.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఊళ్లో ఉన్న చెట్ల నుంచి దిగే కల్లు ఎంత, దుకాణంలో రోజూ అమ్ముడుపోయే కల్లు ఎంత అని లెక్కేస్తే చాలాచోట్ల పొంతన కుదరదు. ఆ తేడాను నీళ్లతో నింపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజోఫాం (అంటే డైజెపామ్), క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. మొదటి రెండూ డాక్టర్లు నిద్రకూ ఆందోళనకూ రాసే మాత్రల మందులే. ఏళ్ల తరబడి తాగితే మెదడు వాటికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆగిపోతే లోడు బండికి దిగుడులో బ్రేకు తెగినట్టే: వణుకు, నిద్రలేమి, ఫిట్స్, ఆ తర్వాత భ్రమలు, మతి తప్పడం, దీన్నే డెలీరియం అంటాం. 2015 సెప్టెంబరులో దాడులు ఎక్కువై కల్తీ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం ఇలాగే వరస కట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ నిండిపోయింది కూడా కల్లు, మద్యం దొరక్కపోవడం వల్లే. రెండుసార్లూ వాళ్లు "పిచ్చెక్కినట్టు" ప్రవర్తించారని వార్తల్లో వచ్చింది.

వైద్యం సంగతి త్వరగా చెప్పేస్తాను, అది ఈ కేసులో తేలికైన భాగం. గొడవ చేస్తున్నాడు కదా అని హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. ఒంటికి అందకుండా పోయిన మందు ఏ జాతిదో ఆ జాతి మందే ఇవ్వాలి: ముందు లోరాజెపామ్ ఇంజెక్షను, కుదుటపడ్డాక డైజెపామ్ మాత్రలు, వాటిని వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడం. థయమిన్, సెలైన్ ఇచ్చారు. షుగరు, లవణాల పరీక్షలు, పడ్డప్పుడు తలకేమైనా తగిలిందేమోనని సీటీ స్కాన్ చేశారు. నైలాన్ తాడు విప్పించాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది, మనిషిని కట్టడి చేయడం వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే. ఇది ఊళ్లల్లోనే కాదు, క్యాజువాలిటీ సిబ్బందికి కూడా మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఆ మొదటి రోజే ఇంకో మంట ఆర్పాల్సి వచ్చింది. ఇదంతా బాణామతి అని తమ్ముడి గట్టి నమ్మకం, రెండిళ్ల అవతల ఒంటరిగా ఉండే ఒక వితంతువు మీద అనుమానం. "మా అన్నకు ఏమన్న అయితే దాని సంగతి చూస్తం" అని వరండాలో ఫోన్లో అంటుంటే విన్నాను. ఇలాంటి అనుమానాలతో మనుషుల్ని చంపేసిన ఘటనలు తెలంగాణలో లెక్కలేనన్ని. కాబట్టి దాన్ని మూఢనమ్మకం అని తోసేయకుండా, జరగబోయే నేరంగానే చూశాను. తమ్ముణ్ని మంచం దగ్గరికి పిలిచి, ఇంజెక్షను పడ్డ గంటకు అన్న ఎలా నిద్రపోయాడో చూపించి, కల్లు దుకాణం మూసిన తేదీ, వణుకు మొదలైన తేదీ పక్కపక్కన కాగితం మీద రాసిచ్చాను. ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, అదే దుకాణంలో తాగేవాళ్లలో ఇంకెవరికైనా ఇలా ఉందా అని కనుక్కోమంటే, వణుకుతో మంచం పట్టినవాళ్లు మరికొందరు తేలారు. బాణామతి మాట అక్కడితో చల్లబడింది.

నాలుగో రోజుకు మనిషి తేరుకున్నాడు. ఆ మూడు రాత్రుల్లో ఏం జరిగిందో ఏమీ గుర్తులేదు. తమ్ముడి చేతి మీది గాట్లు చూసి ఏడ్చాడు, వార్డు బాయ్ రెండు చేతులూ పట్టుకుని మన్నించమన్నాడు. భార్య నుదుటి కుట్లు చూసి మాత్రం ఏమీ అనలేదు. చాయ్ తెచ్చినవా అని అడిగాడు.

రెండో హింస

కట్టు మార్చిన నర్సు నన్ను పక్కకు పిలిచి, ఆయన భార్య ఎడమ చేతి ఉంగరపు వేలు చూడమంది. వంకరగా అతుక్కుపోయి ఉంది, ఎక్స్‌రేలో చూస్తే ఎప్పుడో విరిగిన ఎముకే. సంచిలో ఆధార్ కార్డుతో పాటు మా ఆసుపత్రివే పాత ఓపీ చీటీలు కొన్ని ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకటే రాత: జారిపడింది.

బీపీ చూడాలని చెప్పి ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లాను. మరిదిని బయటే ఉండమన్నాను. ఈ మూడు రాత్రులు పక్కన పెట్టు, అంతకుముందు కొట్టేవాడా అని అడిగాను. ఆమె కాసేపు ఊరుకుని, "అంతకుముందు కొట్టుడు వేరే మేడం. అప్పుడు నన్నొక్కదాన్నే కొడుతడు" అంది.

ఈ కేసంతా ఆ మాట మీదే నిలబడింది. జబ్బుతో మతి తప్పినప్పుడు మనిషి చేసిన హింసకు దిక్కూ దిశా లేదు, తమ్ముడూ స్తంభమూ ఒకటే అయిపోయారు. పన్నెండేళ్లుగా సాగిన హింసకు మాత్రం చాలా కచ్చితమైన దిశ ఉంది. తలుపు గడియ పెట్టి, టీవీ శబ్దం పెంచి, పిల్లలు పడుకున్నాక. ముఖం మీద కాకుండా వీపు మీద, చేతుల మీద. ట్రాక్టరు యజమానిని ఎన్నడూ కొట్టలేదు, సెంటర్‌లో నలుగురి ముందు తిట్టే ఫైనాన్స్ మనిషి మీద చెయ్యెత్తలేదు, ఎంత తాగినా కల్లు దుకాణంలో ఎవరితోనూ గొడవపడలేదు. ఇంత చూసుకుని కొట్టేవాణ్ని మనసు అదుపు తప్పినవాడు అని నేనైతే రాయలేను.

ఎప్పుడెప్పుడు కొట్టాడో తేదీలు చెప్పమంటే ఆమెకు గుర్తులేవు, ఎవరికుంటాయి? కానీ బీడీలు చేసే ఆడవాళ్ల దగ్గర ఇంకో లెక్క ఉంటుంది. ఒడిలో చాట పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, చివర మలిచి, కట్టలు కట్టి కార్ఖానాలో అప్పజెప్పితే ఎన్ని ఇచ్చిందో బుక్కులో రాస్తారు. మామూలు రోజుల్లో ఏడెనిమిది వందలు చేసే మనిషి. మరుసటి వారం ఆ బుక్కు తెమ్మన్నాను. పక్కపక్కన కూర్చుని పేజీలు తిప్పుతుంటే, ఏడు వందల యాభై, ఏడు వందల ఇరవై అని నడుస్తున్న అంకెలు ఉన్నట్టుండి రెండు వందలకు పడిపోయి, వారం పది రోజులకు మళ్లీ లేస్తున్నాయి. ఒకచోట దాదాపు నెలంతా అంతంతే, అది వేలు విరిగిన నెల. అలా పడిపోయిన చోటల్లా వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఇది బతుకమ్మ ముందు. ఇది చెల్లె ఇంటికి పోయి వచ్చినంక. ఇది సంఘం కిస్తీ.

అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చింది ఆ కిస్తీ మాటే. బీడీ పైసలు చేతికొచ్చే రోజులు, మహిళా సంఘంలో లోను కిస్తీ కట్టాల్సిన రోజులు, దెబ్బలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. దసరాకు, బోనాలకు ఆయన మామూలు కంటే ఎక్కువ తాగుతాడు, ఆ రోజుల్లో బుక్కులో పెద్ద తేడా లేదు. ఆయన తాగేది రోజూ, కొట్టేది నెలకు కొన్ని రోజులు. కల్లే కారణమైతే రోజూ కొట్టాలి కదా. కొట్టింది ఆమె పైసలు ఇవ్వనన్న రోజుల్లో.

అలాగని కల్లుకు ఇందులో పాత్ర లేదని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21లో చేసింది చూడండి. తరచూ తాగి మత్తులో ఉండే భర్తలున్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించారు, తాగని భర్తలున్న వాళ్లలో అది 23 శాతం. తేడా పెద్దదే. కానీ నేను ఆ 23ను కూడా చూడమంటాను, చుక్క ముట్టని ఇళ్లల్లో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు. కల్లు ఖర్చు పెంచుతుంది, పొద్దున్నే మత్తు దిగి చిరాకు తెస్తుంది, చెయ్యి లేవడాన్ని తేలిక చేస్తుంది. ఎవరి మీద లేవాలో మాత్రం అది చెప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్ల గొడవ దెబ్బల గురించే కాదు, ఇంటికి రాని కూలి డబ్బుల గురించి కూడా. ఆ ఉద్యమం ఊపులోనే 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు.

ఎవరి మీద అన్నది నేర్పేది ఊరు. అదే సర్వేలో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం మంది ఆడవాళ్లు, చెప్పకుండా బయటికెళ్లడం, పిల్లల్ని పట్టించుకోకపోవడం లాంటి ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు. ఈ అమ్మను నేను అడిగినప్పుడు, "నేను గూడ ఎదురు మాట్లాడుత మేడం" అని తనే వకాల్తా తీసుకుంది. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో భర్త హింస ఎదుర్కొన్నవాళ్లు దాదాపు 37 శాతం. దేశం మొత్తం మీద హింస అనుభవించిన వాళ్లలో సాయం అడిగింది 14 శాతమే, 77 శాతం ఎవరికీ చెప్పనే లేదు. ఆ ఓపీ చీటీల్లో "జారిపడింది" అని ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మానసిక జబ్బు ఉన్నవాళ్లే హింస చేస్తారన్న మాటను పరిశోధన ఎప్పుడో పక్కన పెట్టింది. అమెరికాలో మానసిక ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి అయినవాళ్లను వెంటపడి గమనించిన మెకార్థర్ అధ్యయనం 1998లో తేల్చిందేమంటే, మత్తు అలవాటు లేని రోగులకూ, అదే వీధుల్లో మత్తు అలవాటు లేని మామూలు జనానికీ హింసలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2009లో సీనా ఫాజెల్ బృందం చాలా అధ్యయనాలు కలిపి చూసినప్పుడు స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువున్నా, అందులో పెద్ద వాటా మత్తుపదార్థాలదే అని తేలింది. మా వార్డులో నేను చూసేది కూడా అదే, ఇక్కడి రోగులు దెబ్బలు కొట్టినదానికన్నా తిన్నదే ఎక్కువ.

మా దగ్గర వచ్చిన చిక్కు దీనికి తిరగబడింది. ఆయనకు నిజంగానే జబ్బు చేసింది, దానికి పేరుంది, మందుంది. దాంతో ఇంట్లో వాళ్లందరూ పన్నెండేళ్లనూ తీసుకెళ్లి ఆ పేరు కింద కలిపేశారు. "అంతా ఆ కల్లు మందు వల్లనే మేడం, ఇప్పుడు తగ్గింది కద" అని అత్త సంబరపడింది. ఒప్పుకుంటే డిశ్చార్జి కాగితంతో పాటు పాత దెబ్బలన్నీ కూడా మాఫీ. అందుకే డాక్టరుతో మాట్లాడి కేస్ షీట్లో రెండూ విడివిడిగా రాయించాను. డెలీరియం, కోలుకున్నాడు. ఇంట్లో హింస, కొనసాగుతోంది, దానికీ డెలీరియానికీ సంబంధం లేదు.

ఏం చేశాం

ముందు ప్రాణం సంగతి. ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా అని అడిగాను. ఒకసారి పట్టుకున్నాడు, కళ్లు బైర్లు కమ్మాయి అంది, వేలు విరిగిన సంగతి కంటే మామూలుగా చెప్పింది. గొంతు నులమడాన్ని మనవాళ్లు చెంపదెబ్బ లెక్కన చూస్తారు గానీ, 2008లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అంతకుముందు గొంతు నులిమిన భర్త చేతిలో తర్వాత హత్యకు గురయ్యే ముప్పు దాదాపు 7 రెట్లు. చచ్చిపోవాలనిపించిందా అని కూడా సూటిగానే అడిగాను. అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టు అవుతుందని చాలామందికి భయం, అది నిజం కాదు. పురుగుల మందు డబ్బా ఎక్కడుంటుందో చూసుకున్న రోజులున్నాయని చెప్పింది. ఆ డబ్బా ఇంట్లోంచి తీయించడం, డిప్రెషన్‌కు ఆమె పేరు మీద విడిగా ఓపీ చీటీ రాయించి మందులు మొదలుపెట్టడం ఆ రోజే జరిగాయి. అంతవరకూ ఆమె మాకు రోగి అటెండరు మాత్రమే.

2005 గృహహింస చట్టం కింద దెబ్బలే కాదు, సంపాదన లాక్కోవడం కూడా హింసే, ఆ మాట ఆమెను చాలా ఆశ్చర్యపరిచింది. హింస ఎదుర్కొన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం వాళ్లతో కూర్చుని ఘటనా నివేదిక, అదే డీఐఆర్, రాయించాం. బీడీ బుక్కు పేజీల నకళ్లు, ఎక్స్‌రే దానికి జత చేశాం. కేసు వేస్తానని ఆమె అనలేదు, వెయ్యమని నేనూ ఒత్తిడి పెట్టలేదు. ఎప్పుడు వేయాలో ఆమెకే బాగా తెలుస్తుంది. ఆధార్, రేషన్ కార్డు, బీడీ పీఎఫ్ కాగితాలు, సంఘం పాసుబుక్కు చెల్లెలి ఇంటికి చేర్చింది. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్లో "గ్యాస్ ఏజెన్సీ" అని సేవ్ చేసుకుంది, ఆ తెలివి ఆమెదే.

ఊరి పెద్దమనుషులు ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్ది చెప్పమన్నారు. నేను చేయను అన్నాను. కొట్టడం ఆగని ఇంట్లో భర్త ఎదురుగా ఆమె నిజం చెబితే రాత్రికి దానికీ దెబ్బలు పడతాయి, చెప్పకపోతే ఆ కూర్చోవడం దండగ.

ఆయనతో విడిగా మాట్లాడాను. దుబాయ్ అప్పు తీర్చడానికి చేసిన అప్పు, దానికి వడ్డీ, ఫైనాన్స్ వాడు సెంటర్‌లో చొక్కా పట్టుకోవడం, అన్నీ చెప్పాడు, చెబుతూ తల దించుకున్నాడు. మసాచుసెట్స్ జైళ్లలో ఏళ్ల తరబడి పనిచేసిన సైకియాట్రిస్టు జేమ్స్ గిలిగన్ హింస వేళ్లు అవమానంలో ఉంటాయంటాడు. ఈయన్ని చూస్తే అది సగం నిజమే అనిపించింది. మనసు ఆగక కొట్టిన అన్నాడు. మరి ఫైనాన్స్ వాడు చొక్కా పట్టుకున్నప్పుడు చెయ్యి ఎట్లా ఆగింది అని అడిగాను. చాలాసేపు ఊరుకుని, "వాడు ఊకుంటడా మేడం?" అన్నాడు. గిలిగన్ చెప్పని మిగతా సగం అదే. తర్వాత మేం మాట్లాడుకున్నదంతా ఆ జవాబు చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు

డైజెపామ్ మెల్లగా తగ్గించి ఆపేశాం, ఫిట్స్ మళ్లీ రాలేదు. దుకాణం మళ్లీ తెరిచారు, ఆయన అక్కడికి పోకుండా గౌడన్న దగ్గర చెట్టు కింద పొద్దున్నే తాగుతున్నాడట, నాకు ఇష్టం లేకపోయినా డెలీరియం కంటే నయం. డిశ్చార్జి అయిన మొదటి నెలలో ఒకసారి చెయ్యి ఎత్తాడు, ఆమె ఆ సాయంత్రమే చెల్లె ఇంటికి పోయింది. తీసుకుపోవడానికి వచ్చినప్పుడు డీఐఆర్ సంగతి ఆయనకు చెప్పి, బీడీ పైసలు తన ఖాతాలోనే ఉంటాయని సంఘం లీడర్ల ముందు ఒప్పించుకుని వెళ్లింది. అప్పటి నుంచి దెబ్బలు లేవు అంటుంది, బుక్కులో అంకెలు కూడా ఆ మాటే చెబుతున్నాయి. అలగడం, కంచం విసరడం, ఫోను తీసి చూడడం ఉన్నాయి. ఆమె నిద్ర బాగుపడింది, మందులు తగ్గిస్తున్నాం. దీన్ని నయమైంది అని రాయను, కేసు తెరిచే ఉంచాను.

కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ రాత్రి తండ్రి చేతులు కట్టేసింది వాడే. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకనాడు తల్లిని, "పైసలు ఏడ బెట్టినవ్, లెక్క చెప్పు" అని అడుగుతుంటే వెనక నుంచి విన్నాను, గొంతు తప్ప మిగతా అంతా తండ్రే. తల్లి గబగబా కొంగుముడి విప్పింది. కౌన్సెలింగ్‌కు కొన్నాళ్లు వచ్చి మానేశాడు. చెల్లెలి మీద అరుస్తున్నాడని తల్లి మొన్న ఫోన్‌లో చెప్పింది. పరీక్షలయ్యాక వస్తానన్నాడు, వాళ్ల కాలేజీ పీఈటీ సారుతో కూడా మాట్లాడాను, కబడ్డీకి రోజూ వస్తున్నాడట.